డాక్టరమ్మ చెప్పని అంకె

రక్తం సంచీలోంచి చుక్కలు పడుతుంటే వాటిని చూస్తూ మా అక్క కొడుకు నా దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. చుక్కలు ఈ వేగాన పడితే సంచీ ఎప్పటికి ఖాళీ అవుతుంది, నర్సమ్మ వచ్చి చక్రం తిప్పి వేగం తగ్గిస్తే కోడూరు బస్సు అందుతుందా అందదా, ఇలాంటివి. వాడికి తలసీమియా. ఒంట్లో రక్తం సరిగ్గా తయారవదు. పుట్టిన ఏడాది నుంచి మూడు వారాలకొకసారి బందరు తీసుకొచ్చి ఎక్కించాల్సిందే. అక్కావాళ్ళది హంసలదీవి దగ్గర పల్లె, బావది సముద్రం మీద వేట. వాళ్ళు కోడూరు మీదుగా, నేను గుడివాడ నుంచి పెడన మీదుగా వచ్చి బందరులో కలిసేవాళ్ళం. సంచీ ఖాళీ అయ్యేదాకా వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టడం మేనమామగా నా వంతు పని.

నా అసలు పని రొయ్యల చెరువుల్లో అంచనా కట్టడం. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. లెక్కలు నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, గట్ల మీద తిరుగుతూ పట్టుకున్నాను. చెరువులో అక్కడక్కడా విసురు వల వేస్తాను. పడ్డ రొయ్యల్ని లెక్కపెట్టి, తూచి, వల పరుచుకున్న మేరని చెరువు మొత్తానికి హెచ్చవేస్తాను. తర్వాత నీటి రంగు, ట్రేలో మిగిలిన మేత చూసి ఆ లెక్కని కొంచెం దించుతాను, లేదా లేపుతాను. గట్టు మీద నిలబడ్డ రైతు అడిగేది ఒకటే మాట: "ఎంత ఉంటదండీ?"

అప్పుడు తెలియదు అనకూడదు. రైతుకి ఆ అంకె లేకపోతే మేత ఎంత వెయ్యాలో, సరుకు ఎప్పుడు పట్టాలో తోచదు. అందుకని చెప్తాను. పూర్తిగా తెలియనప్పుడు కూడా గొంతు తడబడకుండా చెప్తాను. మా పనిలో దాన్ని అబద్ధం అనరు. ఎందుకంటే పట్టుబడి రోజున నీళ్ళు తోడేస్తారు, సరుకు కాటా ఎక్కుతుంది, నేను చెప్పింది ఎంతవరకు నిజమో అందరి ముందూ తేలిపోతుంది. తప్పితే తిట్లు తింటాను. అలా తేలిపోతుందన్న ధైర్యంతోనే ఇన్నేళ్ళూ అంకెలు చెప్పాను.

వాడికి పదేళ్ళు దాటాక ఒక మంచి కబురు వచ్చింది. వాడి చెల్లెలి మూలుగ వాడికి సరిపోయింది. హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రిలో మూలుగ మార్పిడి చేస్తామన్నారు. అది కుదిరితే ఇక రక్తం ఎక్కించాల్సిన పని ఉండదు. మొదటిసారి మాట్లాడటానికి అక్క, బావ, నేను వెళ్ళాం. పిల్లలిద్దర్నీ మా ఇంట్లో దించి వెళ్ళాం.

అక్కడి డాక్టరమ్మ ఓపికగా చెప్పారు. ఈ వైద్యం నూటికి ఎంతమందికి ఫలిస్తుందో, ఎంతమందికి ఇబ్బందులు వస్తాయో, అన్నీ అంకెలతో చెప్పారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంకెలున్న చోట నేను నిలబడగలను. మా అక్కాబావలది మేనరికమా అని మధ్యలో అడిగారు. ఆ మాట ఎవరడిగినా ఇద్దరూ నేల చూస్తారు. ఆ రోజూ అంతే. అవునండీ అని నేనే చెప్పాను.

ఆఖర్న ఆవిడ ఇంకొక సంగతి ఎత్తారు. కొత్త మూలుగ ఎక్కించే ముందు పాతదాన్ని ఖాళీ చెయ్యడానికి చాలా గట్టి మందులు ఇస్తారట. వాటివల్ల పిల్లవాడు పెద్దయ్యాక తండ్రి అయ్యే అవకాశం పోవచ్చట. ఇంకా పెద్ద వయసు పిల్లలైతే ముందుగా వీర్యం ఇప్పించి దాచే తేలికైన పద్ధతి ఉంది, వీడికి ఇంకా ఆ వయసు రాలేదు. వీడి లాంటి వాళ్ళకి వృషణంలోంచి చిన్న ముక్క తీసి గడ్డకట్టించి దాస్తారు. మందుల కోసం ఛాతీకి పైపు వేసేటప్పుడు ఎలాగూ మత్తు ఇస్తారు కాబట్టి అదే మత్తులో తీసేస్తారు.

బావ ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయాడు. అక్క పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది, "దాస్తే రేపు వాడికి పిల్లలు పుడతారామ్మా?"

"ఇది ఇంకా పరిశోధనలోనే ఉందమ్మా. పుడతారని మాట ఇవ్వలేను. రేపు వైద్యం ముందుకెళ్తే అప్పటికి వాడి చేతిలో ఏదో ఒకటి ఉండాలని దాచడం, అంతే."

నేను ఊరుకోలేకపోయాను. "నూటికి ఎంతమందికి పనిచేస్తదండీ?"

"అంకె లేదండీ. ఉంటే చెప్పేదాన్ని."

"సుమారుగానైనా?"

"సుమారుగా కూడా లేదు." ఆవిడ ముగ్గురి వంకా చూసి అన్నారు, "సంతకం మీరు పెడతారు. కానీ వాడికి అర్థమయ్యేలా చెప్పి, వాడు సరేనన్నాకే తీస్తాం. వద్దంటే తియ్యం."

తిరుగు బస్సులో బావ నా పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. 

"బావా, ఆ ముక్క వాడికి నువ్వే చెప్పాలి."

"నువ్వు తండ్రివి కదా."

"తండ్రిని కాబట్టే నా వల్ల కాదు. నువ్వు మేనమామవి. మీ ఇద్దరి మధ్యా ఎన్ని ఎకసెక్కాలైనా చెల్లుతయ్యి."

ముందు సీట్లోంచి అక్క వెనక్కి తిరిగింది. "మీ బావకి గాలివానలో పడవ తిప్పుకు రావడం వచ్చు. కొడుకుతో ఈ మాట అనాలంటే మాత్రం చెమటలు. నువ్వే చెప్పరా. నువ్వు చెప్తే వింటాడు."

నువ్వు చెప్తే వింటాడు. ఆ మాటకి నేను లోపల్లోపల పొంగిపోయాను. దాచుకోవడం ఎందుకు.

తరవాతి వారం కోడూరు దగ్గర ఒక చెరువుకి అంచనాకి వెళ్తూ వాణ్ణి వెంట తీసుకెళ్ళాను. వాడి పని గట్టు మీద కూర్చుని, వలలో పడ్డ రొయ్యల్ని ఒక బకెట్టులోంచి ఇంకో బకెట్టులోకి లెక్కపెట్టి వెయ్యడం. రైతు ఇంకా రాలేదు. సరసంగా మొదలుపెడదామనుకున్నాను.

"ఏరా అల్లుడూ, నీకు పెళ్ళి చెయ్యాలా వద్దా?"

"ఇప్పుడా? పోలీసులొచ్చి నిన్ను పట్టుకుపోతారు."

"ఇప్పుడు కాదురా. పెద్దయ్యాక."

"పెద్దయ్యాక నేను చూసుకుంటాలే. నువ్వు ముందు వల విసురు."

సరసం పారలేదు. వాడి పక్కన కూర్చుని, చెల్లి మూలుగ నూటికి ఎంతమందికి కుదురుతుందో డాక్టరమ్మ చెప్పిన అంకెతో మొదలుపెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మందులు పాత మూలుగని ఊడ్చేస్తాయని, ఊడ్చేటప్పుడు ఏది ఉంచాలో ఏది తియ్యాలో వాటికి తెలియదని, రేపు పిల్లలు పుట్టడానికి కావలసింది కూడా పోవచ్చని, అందుకని ముందే ఒక చిన్న ముక్క తీసి దాస్తారని.

"ఎక్కణ్ణించి?"

నేను చూపుతో చెప్పాను. వాడు బకెట్టు ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఛీ! మావయ్యా!"

"ఛీ ఏంట్రా. నువ్వు మత్తులో ఉంటావు. తీసినట్టు కూడా తెలవదు."

"ఎవరెవరు చూస్తారు?"

"డాక్టర్లు. వాళ్ళకిదేం కొత్త కాదు."

ఒళ్ళోని బకెట్టులోంచి ఇంకో రొయ్య తీసి అవతలి దాంట్లో వేశాడు. "తీసి ఎందులో పెడతారు? చేపల మీద పోసే ఐసులోనా?"

"దానికంటే చాలా చల్లనిదంట. ఏళ్ళ తరబడి పాడవదంట."

"అయితే నాన్నకి చెప్పు. పీతలు దాచుకుంటాడు." మేమిద్దరం నవ్వాం. నవ్వు ఆగాక అడిగాడు, "దాచింది మళ్ళీ పెడితే, నాకు పిల్లలు పుడతారా?"

"పుట్టచ్చు."

"పుట్టచ్చు అంటే? నూటికి ఎంతమందికి, మావయ్యా?"

ఆ ప్రశ్న వాడికి నేర్పింది నేనే. బందరులో ఆ మంచం మీద కూర్చుని వాడు ఎప్పుడైనా 'బస్సు అందచ్చు' అంటే, 'అందచ్చు అనేది లెక్క కాదురా, అంకె చెప్పు' అనేవాణ్ణి. ఇప్పుడు వాడు నా మాటనే నా ముందు పెట్టి, నా మొహం వంక చూస్తున్నాడు. అవతల గట్టు మీంచి రైతు వస్తున్నాడు. నేను చెరువు నీళ్ళ వంక చూసి ఒక అంకె చెప్పాను.

ఆ అంకె ఇక్కడ రాయను. ఒకసారి వదిలితే అది ఎలా తిరుగుతుందో చూశాను. గొంతు మాత్రం తడబడలేదు, అది గుర్తుంది. రైతుకి చెప్పినట్టే చెప్పాను.

వాడి మొహం విప్పారింది. "అన్ని మార్కులొస్తే మా టీచరు చప్పట్లు కొట్టిస్తది. సరే, తియ్యమను." మళ్ళీ రొయ్యల లెక్కలో పడ్డాడు.

ఇంటికి వెళ్ళగానే వాళ్ళమ్మకి చెప్పాడు. మరుసటిసారి రక్తం ఎక్కించేటప్పుడు బందరులో నర్సమ్మకి చెప్పాడు. అన్నిటికంటే నన్ను భయపెట్టింది బావ. ఆ సంగతి పేరెత్తితేనే ఫ్యాను వంక చూసిన మనిషి, వలలు బాగుచేసుకునే వాళ్ళ మధ్య కూర్చుని, "మావాడికి ఇట్టా ఒక వైద్యం ఉందంట, నూటికి ఇంతమందికి పనిచేస్తదంట, మా బావమరిది లెక్క కట్టి చెప్పాడు" అంటుంటే నా చెవులతో విన్నాను. సిగ్గుపడే విషయం అంకె తగిలేసరికి గౌరవంగా మాట్లాడుకునే విషయం అయిపోయింది. పక్కనున్న పెద్దాయన, "మీ బావమరిది చెరువులో చూడకుండా చెప్తాడు, అది తప్పదులే" అన్నాడు.

అక్క నాకు అన్నం పెడుతూ అంది, "నువ్వు ఆ మాట చెప్పాకే నాకు నాలుగు మెతుకులు సయించినయ్యిరా."

అక్కా బావా ఇద్దరూ ఆ రోజు డాక్టరమ్మ గదిలోనే ఉన్నారు. అంకె లేదని డాక్టరమ్మ అన్నప్పుడు విన్నారు. అయినా నన్ను నమ్మారు. నాతో విడిగా చెప్పి ఉంటారనుకున్నారో, లెక్కలు తెలిసినవాడు కాబట్టి ఎక్కణ్ణించో రాబట్టాడనుకున్నారో. నేను అడగలేదు. అడిగితే నిజం చెప్పాల్సి వస్తుంది. పళ్ళెంలో ముద్ద కలుపుకుంటూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను: వాడు ఒప్పుకున్నాడు, అక్క తింటోంది, ఎవరికి నష్టం?

కానీ నా లెక్కలో ఒక చోట గండి ఉంది, అది నాకే కనిపిస్తోంది. చెరువుకి పట్టుబడి రోజు ఉంటుంది. ఈ అంకెకి లేదు. వాడు పెద్దవాడై, పెళ్ళి చేసుకుని, ఆ దాచినదాన్ని బయటికి తీసినప్పుడు కదా తేలేది. అప్పటికి తిట్టడానికి నేను ఉంటానో లేదో. తిట్లు తినే పని లేని చోట అంకె చెప్పాను. దాన్ని అంచనా అనడానికి వీల్లేదు.

హైదరాబాదులో వాణ్ణి చేర్చుకున్నాక, పైపు వెయ్యడానికి ముందు డాక్టరమ్మ వాణ్ణి తన ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. వాడి వెనక నేను నిలబడ్డాను. అక్క, బావ గది బయట బల్ల మీద ఉన్నారు.

"నీకు ఏం చెయ్యబోతున్నామో నువ్వే చెప్పు నాన్నా. నేను వింటాను."

వాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఒక్క ముక్క పొల్లుపోలేదు. ఎక్కణ్ణించి తీస్తారో కూడా సిగ్గుపడకుండా చెప్పాడు. చివర్న ఆ అంకె చెప్పాడు.

ఆవిడ రాస్తున్న చెయ్యి ఆగింది. "ఈ అంకె ఎవరు చెప్పారు?"

"మా మావయ్య. చెరువులో ఎన్ని రొయ్యలున్నాయో నీళ్ళు తియ్యకుండా చెప్తాడు." ఎంత గర్వంగా అన్నాడో.

ఆవిడ నన్ను తిట్టి ఉంటే తేలికయ్యేది. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నారు.

నేనే చెప్తానన్నాను. వాణ్ణి బయటికి తీసుకొచ్చి బల్ల మీద అక్కాబావల పక్కన కూర్చోబెట్టి, నేను నేల మీద గొంతుక్కూర్చున్నాను. వాడి మొహం నా మొహానికి ఎదురుగా ఉంది.

"ఆ అంకె డాక్టరమ్మ చెప్పలేదురా. నేను కల్పించి చెప్పాను."

"అంటే, అంతకంటే తక్కువా?"

"తక్కువో ఎక్కువో తెలవదు. నాకే కాదు, ఎవరికీ తెలవదు. నీ వయసు పిల్లల దగ్గర తీసింది రేపు పనిచేస్తదో లేదో ఇంకా చూస్తున్నారు."

"మరి ఎందుకు చెప్పావు?"

"నువ్వు అడిగావు."

"అడిగితే?"

 నేనేదో అనబోయేలోగా వాడు ఇంకో ప్రశ్న వేశాడు. అది నేను ఊహించనిది.

"మరి చెల్లి మూలుగ సంగతి? అది నూటికి ఇంతమందికి కుదురుద్దని చెప్పావు కదా. అదీ కల్పించిందేనా?"

"కాదురా! అది నిజం. డాక్టరమ్మ చెప్పిందే చెప్పాను."

"ఇదీ అట్టాగే చెప్పావు."

వాడు కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. రేపు మార్పిడి కోసం ఎవర్నీ రానివ్వని గదిలో ఒంటరిగా పడుకున్నప్పుడు వాడు పట్టుకోవాల్సిన అంకె అది. నిజమైనది. నా చేతుల్తో నేనే దాన్ని కూడా పాడుచేశాను. రెండూ ఒకే నోట్లోంచి, ఒకే గొంతుతో వచ్చాయి. ఏది ఏదో వాడెలా చెప్పగలడు?

అక్క గోడ వంక చూస్తూ అంది, "ఆవిడ లేదన్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అయినా నీ మాట పట్టుకుని ఇన్నాళ్ళూ అన్నం తిన్నాను. ఇప్పుడు అదంతా కక్కమంటావారా?"

లేచింది బావ. కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. "పదరా. అడుగుదాం."

డాక్టరమ్మ గదిలో తలుపు దగ్గరే నిలబడి, ఫ్యాను వంక కాకుండా ఆవిడ వంక చూసి అడిగాడు బావ. "అమ్మా, మీ నోటితోనే వాడికి చెప్పండి. వాడు ఏమడిగినా చెప్పండి. నేనూ వింటా."

వాడు ముందు మూలుగ మార్పిడి గురించి అడిగాడు. ఆవిడ చెప్పిన అంకె నేను చెప్పినదే. వాడు వెనక్కి తిరిగి తలుపు బయటున్న నన్ను ఒకసారి చూశాడు. తర్వాత రెండోది అడిగాడు.

"దానికి అంకె లేదు నాన్నా."

"సున్నానా?"

"సున్నా అని కూడా చెప్పలేను. తెలియదు."

"తీస్తే నొప్పా?"

"కొన్నాళ్ళు నొప్పి, వాపు ఉంటాయి. అరుదుగా రక్తం కారడం, చీము పట్టడం ఉండొచ్చు. అలా అయితే చూసుకుంటాం."

"వద్దంటే మీరు కోప్పడతారా? చెల్లి మూలుగ ఎక్కించరా?"

"అస్సలు కోప్పడను. అది ఎలాగూ ఎక్కిస్తాం. దానికీ దీనికీ సంబంధం లేదు."

"ఆలోచించుకుని చెప్తా," అన్నాడు వాడు.

ఆ సాయంత్రం నేను వాడి మంచం దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి కళ్ళు మూసుకున్నాడు. రెండోసారి, మూలుగ ఇవ్వడానికి వచ్చిన చెల్లెలితో పేకలాడుతున్నాడు, ముక్కలు పంచడంలో మునిగిపోయి నన్ను చూడలేదు. లేదా చూడనట్టున్నాడు. తీయించుకోమని చెప్పాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. వద్దనుకుంటే వద్దను అని చెప్పాలనీ వచ్చింది. ఏది చెప్పినా అది నా మాటే అవుతుంది. ఏమీ చెప్పకుండా వచ్చేశాను. వాడు వద్దంటే ఆ దారి ఇక మళ్ళీ ఉండదు. అది నా వల్ల మూసుకుపోయినట్టే. సరేనన్నా కూడా వాడి దగ్గర నా మాటకి పాత విలువ తిరిగి రాదని తెలుసు.

మర్నాడు పొద్దున వాడు తన నిర్ణయం బావకి చెప్పాడు. నాకు అక్క ద్వారా తెలిసింది. "తీయించుకుంటా నాన్నా, ఉంటే ఉంటది" అన్నాడట. అంతే. బావ సంతకం పెట్టాడు. ఆ రోజే ముక్క తీశారు, పైపు వేశారు. వాపు తగ్గేదాకా వాడు కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తుంటే చెల్లెలు వెనకాలే నడిచి వెక్కిరించింది. నవ్వే హక్కు లేనట్టు అనిపించి నేను కిటికీ వైపు తిరిగాను.

మూలుగ మార్పిడి కుదిరింది. మధ్యలో జ్వరాలు, నోట్లో పుళ్ళు, అక్క మొక్కులు, అన్నీ అయ్యాయి. అవి వేరే సంగతి. ఇప్పుడు వాడు ఇంటి దగ్గరే ఉన్నాడు. మూడు వారాలకొకసారి బందరు వచ్చే పని తప్పింది. అందుకు సంతోషించాలి, సంతోషిస్తూనే ఉన్నాను. కానీ వాడూ నేనూ పక్కపక్కన కూర్చోవడానికి ఉన్న ఆ మంచం కూడా దాంతోనే పోయింది. దాచిన ముక్క ఎక్కడో అంత చలిలో ఉంది. దాని గురించి మా ఇంట్లో ఎవరూ అంకె చెప్పరు. బావ మాత్రం వలల దగ్గర ఎవరైనా అడిగితే, "దాచాం. చూడాలి" అంటాడు. నేను మొదటిరోజు గట్టు మీద అనాల్సిన మాట అదే.

మొన్న కోడూరు వైపు చెరువుకి వెళ్తుంటే తనూ వస్తానన్నాడు. ఎన్నాళ్ళకో. చెరువు నీళ్ళ దగ్గరికి ఇంకా వెళ్ళకూడదని డాక్టర్లు చెప్పారు కాబట్టి మాస్కు పెట్టుకుని రోడ్డు మీద నా బండి మీదే కూర్చున్నాడు. నేను వల విసిరి, లెక్కపెట్టి, తూచాను. ఒక్కో చోట ఒక్కోలా పడుతోంది. ఒక మూల బాగా పడ్డాయి, మధ్యలో అసలు లేవు. రైతు అలవాటుగా అడిగాడు.

"ఎంత ఉంటదండీ?"

నోట్లోకి ఒక అంకె వచ్చేసింది. రోడ్డు మీంచి కేక వినిపించింది.

"మావయ్యా, తెలిసి చెప్తున్నావా?"

రైతు పడీపడీ నవ్వాడు. "మీ అల్లుడు గట్టివాడండీ!"

"తెలవదండీ," అన్నాను. "వలకి సరిగ్గా తగలడం లేదు. రేపు ఇంకోసారి వేసి చూస్తాను. అప్పుడు కూడా తేలకపోతే అదే చెప్తాను."

రైతు నవ్వు ఆపి నా వంక అదోలా చూశాడు. వల పిండుకుని, భుజాన వేసుకుని గట్టెక్కాను. వాడు బండి మీద కొంచెం వెనక్కి జరిగి నాకు చోటిచ్చాడు. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి నవ్వుతున్నాయా లేదా అన్నది నేను అంచనా కట్టలేదు.